వత్సల మళ్లీ కూతకెళ్లింది

పెళ్లికి ముందు వత్సల నాందేడ్‌లో తన కాలేజీ కబడ్డీ జట్టుకు కెప్టెన్. ఆమె కూతకు వెళ్తే అవతలి జట్టు వెనక్కి జరిగేది. ఆ ఆట చూసే నాగనాథ్ మనసు పారేసుకుని ఆమెను పెళ్లాడాడు. కూతురు ప్రాచి పుట్టి పద్నాలుగు నెలలయ్యేసరికి కెప్టెన్‌కు మిగిలినవి చిక్కుపడ్డ జుట్టు, ముక్కు మీద కోపం. "ఇయ్యాల పళ్లు తోమినవా?" అని అద్దంలో తనను తానే అడిగేది. చాలాసార్లు జవాబు గుర్తుకొచ్చేది కాదు.

పాపకు గుడ్డ కట్టడం రాదని భర్త చేతిలోంచి లాక్కున్నదీ ఆమే, పిల్లను ముట్టుకోడని తిట్టిందీ ఆమే. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా తిట్టేది. నాగనాథ్ పొద్దున్నే విత్తనాల దుకాణానికి పారిపోయేవాడు. ఇంట్లో ఉన్న కాసేపూ మాటలన్నీ పాప మీదుగానే నడిచేవి.

"మీ నాయినకు చెప్పు, పాలు తెమ్మని."

"మీ అమ్మకు చెప్పు, తెచ్చిన అని."

మాటలింకా రాని ప్రాచి ఇద్దరినీ చూసి వేలు చప్పరించేది.

భోకర్‌లో చుట్టాల పెళ్లి రోజున ఆలస్యమైందని పెద్ద గొడవైంది. పట్టుచీర కట్టుకున్న వత్సల సంచి పట్టుకుని విసురుగా జీపుల అడ్డాకు నడిచింది. అక్కడ కాళ్లు చూసుకుంటే కుడికాలికి తన బంగారురంగు చెప్పు, ఎడమకాలికి మొగుడి తొమ్మిదో నంబరు నల్లచెప్పు! ఇంత దూరం నడిచినా తెలియలేదు.

ఇంతలో పాపను ఎత్తుకుని నాగనాథ్ వచ్చాడు. అతని కాళ్లకు మిగతా రెండూ ఉన్నాయి. బంగారు చెప్పు వెనక మడమ బయటికి వేలాడుతోంది.

"తొందరల ఇవే దొరికినయి," అన్నాడు బెరుగ్గా.

వత్సలకు నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ ఏడ్చింది. జీపులోని వాళ్లు తలలు బయటపెట్టి చూశారు.

"నేనెవరో నాకే యాదికొస్తలేదయ్యా," అంది.

"నీకు భయపడి దుకాణంల కూసుంటున్న. పిల్లను ఎట్ల సూసుకోవాల్నో నాకు నేర్పియ్యరాదు?"

"నాకొస్తే గద నేర్పిచ్చేది!"

చెప్పులు మార్చుకుని పెళ్లికి వెళ్లారు. దారిలోనే ఒప్పందం కుదిరింది: ఆదివారం పొద్దున పాప అతనిది, మైదానం ఆమెది.

మైదానంలో పాత జట్టు స్నేహితురాలు మనీష ఆడపిల్లలకు ఆట నేర్పుతోంది. వత్సల గర్వంగా కూతకెళ్లింది. నాలుగడుగులకే ఊపిరి అయిపోయింది. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి మడమ పట్టి బోర్లా పడేసింది. "ఈమెనా కెప్టెన్?" అని పిల్లలు కిసుక్కుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది వత్సలే. చెక్కుకుపోయిన మోకాళ్లతో మళ్లీ లేచి గీత దగ్గర నిలబడింది.

ఇంట్లో గొడవలు ఆగిపోలేదు. సోమవారమే ఉప్మాలో ఉప్పు మీద ఒకటి జరిగింది. మధ్యాహ్నం దుకాణం నుంచి నాగనాథ్ ఫోన్ చేశాడు.

"ఇంకా కోపమేనా?"

"సగం ఉన్నది. ఇంటికి రా, మిగిలింది తిడుత," అంది వత్సల.

ఆ రోజు అతను గంట ముందే వచ్చాడు.