చెవి కుట్టిన మాట

నా చెల్లెలి మనవరాలికి చెవులు కుట్టించారు. నన్ను పిలవలేదు.

ఇదీ ఒక విషయమేనా అనుకునేవాళ్లు ఈ కాగితాన్ని ఇక్కడే పక్కన పెట్టవచ్చు. మా వైపు ఆడపిల్లకు చెవులు కుట్టేది మేనమామ ఒడిలో. తండ్రి ఒడిలో కాదు, తాత ఒడిలో కాదు. అవుసలి, అంటే చెవులు కుట్టే కంసాలి, వచ్చి సామాను సర్దుకున్నా సరే, మేనమామ పీట మీద కూర్చునేదాకా బంగారు తీగ ముట్టుకోడు. నా చెల్లెలికి ఒక్కతే కూతురు. కొడుకులు లేరు కాబట్టి ఆ మనవరాలికి సొంత మేనమామ లేడు. అలాంటప్పుడు తల్లి మేనమామే ఆ పీట మీద కూర్చుంటాడు. ఆ మనిషిని నేను. బతికే ఉన్నాను. కొత్తగూడెంలోనే ఉన్నాను.

సంగతి నాకు ఫోన్లో తెలిసింది. మా వీధిలోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. గని నుంచి రిటైరయ్యాక క్వార్టర్ అప్పజెప్పి కిరాయి ఇంట్లో ఉంటున్నాను. పక్కింటివాళ్లకు ల్యాండ్‌లైన్ ఉంది. వాళ్లావిడ గోడ మీంచి కేకేస్తే వెళ్లి ఎత్తాను. దుమ్ముగూడెం నుంచి నా మేనకోడలు.

"మామా, పాపకు భద్రాచలంల పుట్టెంటికలు తీసినం. చెవులు గూడ అక్కడనే అయినయి. పొద్దుగాల గోదారి ఒడ్డు మీద బలే థ్రిల్లింగ్‌గ ఉండె మామా."

"ఉన్నవా మామా?" అంది. ఉన్నానన్నాను. మందులు వేసుకుంటున్నావా అని అమ్మ అడగమన్నదట. అడగమన్నదే గాని, ఆ అమ్మ ఫోన్ దగ్గరకు రాలేదు. వేసుకుంటున్నానని చెప్పి పెట్టేశాను.

రైలు మీద భద్రాచలం పోవాలంటే ఎవరైనా మా ఊళ్లోనే దిగాలి. మా స్టేషన్ పేరే భద్రాచలం రోడ్. ముఖం తెలియని జనమంతా గుండ్లు గీయించుకోవడానికి మా ఊరి మీదుగానే పోతుంటారు. నా బస్సు ప్రయాణమెంత, గంటన్నర. ఒక్క కార్డుముక్క రాస్తే తెల్లవారే సరికి ఒడ్డున ఉండేవాణ్ణి. ఆ సాయంత్రమంతా ఈ లెక్కే చేశాను. లెక్క తప్పలేదు, మనుషులే తప్పారు.

కానీ నన్ను ఎక్కువ పొడిచింది ఆ ఒక్క మాట. థ్రిల్లింగ్‌గా ఉండెనట. ఆ రోజుల్లో ఎటు చూసినా అదే మాట. బస్టాండు ముందు కూల్‌డ్రింకు బోర్డు మీద ఉంది. కొండ మీంచి మోటార్‌సైకిల్ దూకించే కుర్రాడి పోస్టర్ మీద ఉంది. టీవీలో యాంకరమ్మ ఏడిచినా నవ్వినా థ్రిల్లే. నేను లేని చోట నా పీట మీద ఇంకెవరో కూర్చుంటే అదీ థ్రిల్లేనా?

నాకు చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. ఇంగ్లీషు నేర్పింది గనిలోని ప్రమాద సూచికల బోర్డులు, ఆ తర్వాత డిక్షనరీ. రోజుకొక మాట నోటుబుక్కులో రాసుకోవడం నా అలవాటు. పొద్దున షిఫ్టుకు బయలుదేరుతుంటే నా భార్య టిఫిన్ డబ్బా చేతికిస్తూ "ఇయ్యాల ఏం మాట?" అని అడిగేది. చెప్పేవాణ్ణి. ఒకసారి పలికి చూసేది. సాయంత్రానికి మరచిపోయేది. మర్నాడు మళ్లీ అడిగేది. ముప్పై ఏళ్లు అడిగింది. ఈ ఫోన్ రావడానికి కొన్ని నెలల ముందు, వర్షాకాలంలో పోయింది. ఆమె పోయాక మాటలు రాసుకుంటూనే ఉన్నాను గాని, అడిగేవాళ్లు లేని మాట పుస్తకంలోనే పడి ఉంటుంది.

మర్నాడు లైబ్రరీ తలుపు తీసేసరికి మెట్ల మీద ఉన్నాను. అక్కడ ఒక పెద్ద డిక్షనరీ ఉంది. అర్థం చెప్పి ఊరుకోదు, మాట పుట్టుక కూడా చెబుతుంది. ఒక్కడే ఎత్తలేని బరువు. లైబ్రేరియన్, నేను చెరో పక్క పట్టి బల్ల మీద పెట్టాం. ఏం మాట పెద్దాయనా అని అడిగితే చెప్పాను. "దానికి గింత పుస్తకం ఎందుకు? పిల్లల్ని అడిగినా చెప్తరు కదా" అన్నాడు. పిల్లలు చెప్పే అర్థం నాకు అక్కర్లేదన్నాను.

ఆ మాటకు అసలు అర్థం పొడవడం. తూటు పెట్టడం. పాత ఇంగ్లీషులో తూటుకు ఒక పేరు ఉండేదట, అందులోంచి ఇది పుట్టింది. ముక్కు రంధ్రానికి ఇంగ్లీషువాళ్లు వాడే నాస్ట్రిల్ అనే మాట తోకలో ఆ పాత తూటు ఇప్పటికీ ఉంది. 'ఇటు నుంచి అటు' అని చెప్పే థ్రూ కూడా దాని చుట్టమే. మొదట్లో ఈటె పొడిచిందన్నా, శూలం దిగిందన్నా ఇదే మాట. కొన్ని వందల ఏళ్లకు ఇనుము పోయి దుఃఖం దిగడం మొదలైంది. తర్వాత భయం, తర్వాత వణుకు, ఆఖరికి సంతోషం. ఈటె కూల్‌డ్రింకు సీసాగా మారడానికి అంత కాలం పట్టింది.

మన పులకరింత ఒంటి మీద లేస్తుంది. వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, మళ్లీ పడుకుంటాయి. వాళ్ల మాట అలా కాదు. అది లోపలికి దిగుతుంది, దిగిన చోట తూటు ఉండిపోతుంది. నా మేనకోడలు తెలియక వాడినా సరైన చోటే వాడింది. అది కూడా నాకు కోపమే తెప్పించింది.

తూట్ల సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. గనిలో నేను డ్రిల్లర్‌ని. బొగ్గు గోడకు వరసగా తూట్లు వేసేవాణ్ణి. వాటిలో మందు కూరేవాళ్లు, పేల్చేవాళ్లు వేరే. ఆ మిషన్ అదురు ఇప్పటికీ నా చేతుల్లో ఉంది. గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణుకుతాయి.

అయినా జీవితంలో ఒకే ఒక్క తూటు దగ్గర నా చేతులు సడలాయి. అది ఈ మేనకోడలి చెవి దగ్గరే.

దానికి అప్పుడు ఏడాది. దుమ్ముగూడెంలో చెల్లెలి ఇంటి ముందు వెదురు పందిరి వేశారు. నేనూ నా భార్యా ముందురోజే వెళ్లాం. కొత్త తువ్వాలు భుజాన వేసి నన్ను పీట మీద కూర్చోబెట్టారు. పిల్లను ఒడిలో పెట్టారు, దాని నోట్లో బెల్లం ముక్క పెట్టారు. మేనమామ పని ఒక్కటే, తల కదలకుండా పట్టుకోవడం. ముసలి అవుసలి ఎడమ చెవి తమ్మె మీద కాటుకతో చుక్క పెట్టి, సన్నటి తీగ మొన ఆనించాడు. నేను చూశాను. చూడకుండా ఉండాల్సింది. నా చేతులు వదులయ్యాయి, పిల్ల తల తిప్పింది, తీగ చుక్క మీద కాకుండా పక్కన దిగింది.

అవుసలి తల పైకెత్తాడు. "ఏందయ్యా, బొగ్గుకు తూట్లు పొడిచేటోనివి. గింత చెవికే గిట్లయితివి?"

పందిరి కింద అందరూ నవ్వారు. నేను ఏడుస్తున్నాను. పిల్ల కంటే గట్టిగా ఏడ్చానని తర్వాత చెప్పుకున్నారు, అబద్ధం కాకపోవచ్చు. రెండో చెవి నావల్ల కాదు, ఇంకెవరి ఒడిలోనైనా పెట్టుకోండి అన్నాను. చెల్లెలు ఒక్కతే నవ్వలేదు. "ఇంకో అన్నను యాడికెళ్లి తేవాలె?" అంది.

అప్పుడు నా భార్య వెనక నుంచి వచ్చి రెండు అరచేతులతో నా కళ్లు మూసింది.

"నువ్వు పట్టుకో. చూసుడు నేను చూస్త."

పొద్దున ఆ పని కోసమే పసుపు కొమ్ములు దంచిన చేతులు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. చీకటి అంటే నాకు కొత్త కాదు, రోజూ దిగేది చీకట్లోకే. కానీ ఈ చీకటి ఎర్రగా ఉంది. వేళ్ల సందుల్లోంచి ఎండ వస్తోంది. పిల్ల తలను నా ఛాతీకి అదుముకున్నాను. అది ఒక్కసారి గుక్కపట్టింది, ఆ కేక నా ఎముకల్లోకి దిగింది. "అయింది" అని నా భార్య చెవిలో చెప్పింది. చెప్పి కూడా చేతులు వెంటనే తీయలేదు.

ఆ కుడి చెవి తూటు తిన్నగా ఉంటుంది. ఎడమ చెవి కమ్మ మాత్రం ఈనాటికీ ఒక పక్కకు ఒరిగే ఉంటుంది. ఇంట్లో దానికి మామ చెవి అనే పేరు. ఇంగ్లీషువాళ్లు థ్రిల్ అనే మాటకు ఎన్ని అర్థాలు రాసుకున్నా, నాకు అర్థమైంది ఆ పూటే, కళ్లు మూసుకుని ఉన్నప్పుడే. అప్పుడు ఆ మాట నాకు తెలియదు. తెలిసి ఉంటే మర్నాడు పొద్దున నా భార్యకు చెప్పేవాణ్ణి.

లైబ్రరీ నుంచి వస్తూ పోస్టాఫీసులో ఇన్‌ల్యాండ్ లెటర్ కొని చెల్లెలికి రాశాను. ఖాళీ లేకుండా అన్ని మడతలూ నింపాను. ఆచారం రాశాను, బస్సు టైములు రాశాను. థ్రిల్ అంటే ఏమిటో, ఎక్కడి నుంచి వచ్చిందో రాసి, నీ కూతురు దాన్ని నా మీద ఎట్లా వాడిందో చూసుకో అన్నాను. చివర ఒక వాక్యం రాసి కొట్టేశాను. మళ్లీ రాశాను. నా చేతులు ఇక పనికిరావనుకున్నావా, అని.

ఉత్తరం పోస్టు చేశాక కోపం దిగిపోయింది. ఆ ప్రశ్న మాత్రం మిగిలింది. పోస్ట్‌మ్యాన్ వచ్చే వేళకు గుమ్మంలో కుర్చీ వేసుకునేవాణ్ణి. అతను సైకిల్ ఆపకుండానే లేదని తల ఊపి పోయేవాడు. రోజులు గడిచేకొద్దీ ఆమె మౌనమే జవాబేమో అనిపించేది. గ్లాసులో నీళ్లు తొణికినప్పుడల్లా, నిజమే కదా, ఈ చేతుల్లో పసిపిల్లను ఎవరు పెడతారు అనుకునేవాణ్ణి. నోటుబుక్కులో కొత్త మాటలు రాయడం మానేశాను.

మూడు వారాలకు సైకిల్ ఆగింది. అక్షరాలు మేనకోడలివి, మాటలు చెల్లెలివి.

"అన్నా, నీ ఉత్తరం బిడ్డ సదివి ఇనిపిచ్చింది. ఇంగ్లీషు ముచ్చట నాకు సమజ్ గాలె గని తిట్లు మంచిగ సమజైనయి. నీ చేతులు పనికిరావని పిలువలేదనుకుంటివా? అప్పుడు నీ కండ్లు వదిన మూసింది. ఇప్పుడు పీట మీద కూసున్నంక నువ్వు ఎనకకు తిరిగి చూస్తవ్. అది నేను చూడలేను. గందుకే పిలువలె. తప్పు నాదే. పిల్లను నా ఒళ్లెనే కూసోబెట్టుకున్న. ఎడమ చెవి అయింది. కుడి చెవికి నాకే చేతులు ఆడలె, చాలని అవుసలిని పంపిచ్చిన. రెండూ అయినయని బిడ్డతోటి చెప్పిచ్చింది నేనే, ఒక్కటే అయిందంటే నువ్వు ఆ పూటే బస్సెక్కుతవని. పిల్ల ఒక్క పోగుతోటి తిరుగుతున్నది, ఊరంత నవ్వుతున్నరు. ఐతారం పొద్దుగాల బస్సుకు రా. ఈసారి నీ కండ్లు నేను మూస్త."