చేప పక్కన నిమ్మచెక్క

అక్క చేపలు వేయించిన రోజున నిమ్మచెక్క ముక్కల మీదే పడుతుందన్న నమ్మకం లేదు. మా బావకి పాత కంప్యూటర్లు బాగుచేసే పిచ్చి.

నా తొలి కథలన్నీ ఉన్న కంప్యూటర్ తుక్కేనని షాపులవాళ్లు తేల్చేస్తే, దాన్ని ఒళ్లో పెట్టుకుని భీమిలి బస్సెక్కాను. భోజనాల వేళకి చేరాను. బావ అన్నం ముందునుంచి లేచి మూత విప్పాడు. లోపల బ్యాటరీ కారి, బోర్డుకి పచ్చటి చిలుము పట్టింది. కంచంలో నిమ్మచెక్క తీసి దానిమీద పిండేశాడు.

"రాగిచెంబనుకున్నారేటి?" అంది అక్క.

"సిలుముకి పులుపే మందు!"

కడిగి, ఎండబెట్టి, బోర్డుమీద తెగిన రాగిగీతల్ని సన్నటి తీగతో అతికాడు. సాయంత్రానికి తెరమీద నా కథల పేర్లు వరసగా కనబడ్డాయి. నేను ఒక్కో కథా తెరిచి చూసుకుంటున్నాను. బావ మాత్రం తాపీగా కంచం ముందుకెళ్లి, చల్లారిన ముక్క నోట్లో వేసుకుని మొహం చిట్లించాడు.

"ఏటే, సేప ఇంత సప్పగుందేటి?"