మా అత్తయ్య ఎక్కి దిగిన కుర్చీ

ఆ రోజుల్లో మా చుట్టాలందరిలోకీ విమానం సంగతులు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎన్నిసార్లు ఎక్కావయ్యా అంటే రెండుసార్లు. ఏలూరులో చేపల మేత అమ్మే కంపెనీలో చేరిన కొత్తలో, ఆఫీసు పని మీద ఒకసారి హైదరాబాదుకీ, ఒకసారి చెన్నైకీ వెళ్ళొచ్చాను. అంతే, వట్లూరు నుంచి పెంటపాడు దాకా విమానం గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా నాకే ఫోను. "లోపల చలేస్తుందా బాబూ?", "మధ్యలో వాంతి వస్తే ఆపుతారా?" అని అడిగేవారు. నేను కుర్చీలో వెనక్కి వాలి, గొంతు కాస్త బొంగురు చేసుకుని, ఆ విమానాన్ని నేనే నడిపినంత ధీమాగా జవాబులు చెప్పేవాణ్ణి. (ఆ రెండు ప్రయాణాల్లోనూ బెల్టు పెట్టుకోవడం రాక పక్కాయన చేత పెట్టించుకున్న సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇదే మొదటిసారి చెప్పడం.)

అలాంటి రోజుల్లో మా పెంటపాడు అత్తయ్యని బెంగుళూరు తీసుకెళ్ళే పని నా మీద పడింది. అత్తయ్యంటే మా నాన్నకి అక్క. మావయ్య పోయిన తర్వాత ఆరెకరాల వరిచేనూ తనే చేయిస్తూ వచ్చింది. అరవైకి దగ్గరపడినా, గట్టు మీద ఆవిడ నడుస్తుంటే కుర్రకూలీలు వెనకబడేవారు. ఆవిడ కూతురికి, అంటే మా వదినకి, బెంగుళూరులో రెండో కాన్పు అయింది. రెండోది కదా అని అక్కడే అత్తగారి దగ్గర పురుడు పోసుకుంది. మేం వెళ్ళే రోజు సాయంత్రమే బారసాల. అమ్మమ్మ వెండి మొలతాడు పట్టుకుని వెళ్ళకపోతే అవతలి వియ్యపురాలు ఏమనుకుంటుంది? అందుకని మధ్యాహ్నం విమానానికి టిక్కెట్లు కొన్నాను.

కొనేటప్పుడే నా తెలివితేటలు బయటికొచ్చాయి. మా మేనేజరు ఒకసారి రహస్యం చెప్పినట్టు చెప్పాడు. "పెద్దవాళ్ళెవరైనా వెంట ఉంటే వీల్ చైర్ అడిగెయ్యవయ్యా. లైన్లూ గీన్లూ ఉండవు. సెక్యూరిటీలో కూడా ముందు మనల్నే పంపిస్తారు. వెనకాల నువ్వూ రాజాలా వెళ్ళిపోవచ్చు" అన్నాడు. నేను ఆన్‌లైన్ టిక్కెట్టులో వీల్ చైర్ గడి మీద టిక్కు పెట్టేశాను. 'ప్రయాణికురాలు నడవగలరా?' అని కూడా అడిగింది. 'కొద్ది దూరం మాత్రమే' అని నొక్కాను. అత్తయ్యతో మాత్రం ఒక్క ముక్క అనలేదు.

బయల్దేరే రోజు పొద్దున్న నేను కారు తీసుకుని పెంటపాడు వెళ్ళేసరికి ఆవిడ ఇంట్లో లేదు. కాలవ నీళ్ళ వంతు వచ్చిందని చేలోకి వెళ్ళింది. నాట్ల రోజులు. మడికి నీళ్ళు ఎక్కడం కళ్ళారా చూసి, కాళ్ళు కడుక్కుని, పట్టుచీర కట్టుకుని బయటికొచ్చేసరికి గంటన్నర పోయింది. "విమానం ఆగదండీ అత్తయ్యా" అంటే, "నీళ్ళు మాత్రం ఆగుతాయేంట్రా?" అంది. గుండుగొలను దగ్గర లారీల వెనకాల ఇరుక్కుని ఇంకో అరగంట. గన్నవరం విమానాశ్రయం చేరేసరికి లోపల లైను గుమ్మం దాకా ఉంది. అప్పుడు పోగొట్టుకున్న టైమంతా కుర్చీతోనే తిరిగి సంపాదించాలి అనుకున్నాను.

గుమ్మం దగ్గర టిక్కెట్టు చూపించగానే, చక్రాల కుర్చీ తోసుకుంటూ ఒకావిడ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, సన్నగా, చురుగ్గా ఉంది. "పేషెంటు ఎవరండీ?" అంది. అత్తయ్య అటూ ఇటూ చూసి, "ఎవరికి బాగోలేదమ్మా పాపం?" అని జాలిపడింది. నేను అత్తయ్యని పక్కకి తీసుకెళ్ళి విషయం చెప్పాను.

"నా మోకాళ్ళకేం వచ్చిందిరా? పొద్దున్న మోకాటిలోతు బురదలో ఉన్నాను!"

"నెమ్మదిగా అనండి అత్తయ్యా. ఆ లైను చూశారా? అందులో నిలబడితే విమానం పోతుంది. బారసాల మన కోసం ఆగదు. పది నిమిషాలు కూర్చోండి, అంతే."

బారసాల మాట వినగానే ఆవిడ మొహం మెత్తబడింది. కుర్చీలో కూర్చుంది. కూర్చోవడం అంటే అంచు మీద, ఎవరో పిలిస్తే లేచి పరిగెత్తేలా కూర్చుంది. కాళ్ళు పలక మీద పెట్టుకోమంటే, "చెప్పులకి మట్టి ఉంది, పాడవుతుంది" అని కాసేపు గాలిలో ఉంచింది. (నడవలేని మనిషి కాళ్ళు గాలిలో నిలబెట్టడం చూసి నాకు చెమటలు పట్టాయి.)

కానీ మా మేనేజరు చెప్పింది నిజమే. జనం తప్పుకుని దారిస్తున్నారు. నేను బ్యాగు భుజాన వేసుకుని, మొహంలో బాధ్యత గల మేనల్లుడి విచారం పెట్టుకుని వెనకాల నడిచాను. కుర్చీ తోసే ఆవిడతో అత్తయ్య అప్పుడే మాటల్లో పడింది. "ఏ ఊరమ్మా మీది?" "కొల్లేరు లంకల్లోదండీ." "ఈ ఏడు నీళ్ళెలా ఉన్నాయి?" "బానే వచ్చాయండీ, మా నాన్న రోజూ వలకి వెళ్తున్నాడు." అంటూ ఇద్దరూ సంతలో కలిసినట్టు కబుర్లు చెప్పుకుంటున్నారు.

సెక్యూరిటీ దగ్గరికి వచ్చాం. అక్కడ పెద్ద లైను, ఆ లైను మధ్యలో తాడేపల్లిగూడెం బియ్యం షావుకారు గారు. అత్తయ్య ధాన్యం ఏటా ఆయనే కొంటారు. అత్తయ్యని కుర్చీలో చూసి ఆయన నోరు తెరిచారు. "ఏవండీ! ఏమైందండీ మీకు? మొన్న బుధవారమేగా గట్టు మీద చూశాను!" అత్తయ్య నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. "ఏం లేదండీ, కాస్త..." అని నేను నసిగాను. ఆ 'కాస్త' తర్వాత ఏమీ చెప్పకపోవడం ఎంత పెద్ద పొరపాటో అప్పుడు తెలియలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎంత మనిషి, ఎలా అయిపోయారు" అంటూ జేబులోంచి ఫోను తీసి, లైను కదలడంతో వెనక్కి చూడకుండా మాట్లాడుకుంటూ ముందుకి వెళ్ళిపోయారు.

ఇంతలో ఒకమ్మాయి మా కుర్చీ దగ్గరికి పరుగున వచ్చింది. "ఏవండీ, మా నాన్నగారికి కుర్చీ ఇంకా రాలేదండీ. నిలబడలేకపోతున్నారు" అంది. చూస్తే, కొంచెం దూరంలో స్తంభానికి ఆనుకుని ఒక పెద్దాయన, చేతిలో కర్ర, కాళ్ళు వణుకుతున్నాయి. కొల్లేటి ఆవిడ నొచ్చుకుంటూ, "ఉన్న కుర్చీలన్నీ బుక్కయిపోయాయమ్మా. ఈ అమ్మగారిని దింపి వెంటనే వచ్చేస్తాను, పావుగంట ఓర్చుకోండి" అంది.

అత్తయ్య ఆ పెద్దాయన్ని చూసింది. ఆ తర్వాత నన్ను చూసింది. నాకు ఆవిడ చేత చిన్నప్పుడు తిన్న మొట్టికాయలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అంతే, ఆవిడ లేచింది. లేవడం కూడా మామూలుగా కాదు, చీర కుచ్చిళ్ళు దులుపుకుని గబుక్కున లేచి, కుర్చీని తనే తోసుకుంటూ ఆ పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. "అన్నయ్యగారూ, కూర్చోండి. ఇది మీదేనండీ. మావాడు పొరపాటున నన్ను కూర్చోబెట్టాడు" అంది. లైన్లో ఎవరో "అబ్బో, అద్భుతం!" అన్నారు. నాకు భూమి చీలి నన్ను లోపలికి తీసుకుంటే బాగుండును అనిపించింది.

ఖాకీ బట్టల్లో ఉన్న అధికారి వచ్చి హిందీలో ఏమిటిదంతా అని అడిగాడు. నా హిందీ అంతంతమాత్రం. మా అత్తయ్యకి నొప్పి వస్తూ పోతూ ఉంటుందని చెప్పబోయాను. "ఏం చెబుతున్నావురా?" అంది అత్తయ్య. "మీకు నొప్పి..." "నాకే నొప్పీ లేదు బాబూ" అని ఆవిడ నేరుగా అధికారికే తెలుగులో చెప్పింది. "లైను తప్పించుకుందామని చేశాడు. కుర్రతనం. నేనూ కూర్చున్నాను, తప్పు నాది కూడా. వెనక నిలబడమంటే నిలబడతాం." కొల్లేటి ఆవిడ ఆ మాటల్ని ఉన్నదున్నట్టు హిందీలోకి మార్చింది. (ఇంత బాగా మార్చాలా అని నాకు కోపం కూడా వచ్చింది.) అధికారి మీసాల చాటున నవ్వి, లైను చివర చూపించాడు.

చూపించింది నాకే. ఎందుకంటే ఆడవాళ్ళ లైన్లో అప్పుడు నలుగురే ఉన్నారు. అత్తయ్య అయిదు నిమిషాల్లో అవతలికి వెళ్ళిపోయింది. నేను మగవాళ్ళ లైన్లో నలభై మంది వెనకాల నిలబడ్డాను. తీరా నా వంతు వచ్చాక, బ్యాగు స్కానింగు పెట్టెలోంచి నా వైపుకి రాలేదు, తనిఖీకని పక్కకి వెళ్ళింది. తెరిపించారు. లోపల ఒక స్టీలు డబ్బా, డబ్బా నిండా నల్లగా, గట్టిగా, ఘాటు వాసన వేస్తూ ఏదో పదార్థం. అత్తయ్య నాకు చెప్పకుండా పెట్టిన బాలింతకాయం. పురిటాలికి పెట్టే మందు. "క్యా హై?" అని అడిగాడు తనిఖీ చేసే కుర్రాడు. పెళ్ళి కాని ఇరవై మూడేళ్ళవాణ్ణి, బాలింతకాయం ఎందుకు తింటారో నాకు తెలుగులోనే సరిగ్గా తెలియదు. చేతులతో చంటిపిల్లని ఊపినట్టు చూపించాను. అతను ఇంకా అనుమానంగా చూశాడు. అద్దాల అవతల నుంచి అత్తయ్య, "వాసన చూడమనురా! శొంఠి, పిప్పళ్ళు, బెల్లం!" అని కేకలు. చివరికి పెద్దాయన్ని దింపి తిరిగొస్తున్న కొల్లేటి ఆవిడే నవ్వాపుకుంటూ వచ్చి చెప్పింది. అతనికి ఆ మధ్యనే కూతురు పుట్టిందట. డబ్బా మూత తనే గట్టిగా బిగించి ఇచ్చాడు.

అప్పటికి మా పేర్లు మైకులో పిలుస్తున్నారు. అత్తయ్య ముందు, నేను వెనక. ఆవిడ చీర కొంచెం ఎత్తి పట్టుకుని గట్టు మీద నడిచినట్టే నడిచేస్తోంది. నేను బ్యాగుతో, చేతిలో బెల్టుతో, కారుతున్న చెమటతో రొప్పుతూ వస్తున్నాను. గేటు దగ్గర అమ్మాయి కాగితం చూసుకుని, "వీల్ చైర్ ప్యాసింజరు ఎవరండీ?" అంది. అత్తయ్య వెనక్కి తిరిగి నన్ను చూపించింది. "అదిగోనమ్మా, వస్తున్నాడు."

బెంగుళూరులో దిగి ఫోను ఆన్ చేస్తే అది ఆగకుండా మోగడం మొదలెట్టింది. షావుకారు గారు గన్నవరంలోనే తాడేపల్లిగూడెం ఫోను చేశారట. ఆయన 'కాళ్ళు పట్టేశాయి' అన్నది గూడెం దాటేసరికి 'కాళ్ళు పడిపోయాయి' అయి, పెంటపాడు చేరేసరికి పక్షవాతం అయింది. మేమెన్నిసార్లు చేసినా వదిన ఫోను ఎంగేజే. ఇంటికి చేరేసరికి పచ్చి బాలింత, మా వదిన, గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది. పీట మీద బియ్యం పోసి ఉన్నాయి, ఎవరూ పేరు రాయలేదు. అత్తయ్య టాక్సీ దిగి, రెండంతస్తుల మెట్లు ఎక్కి వచ్చి ఎదురుగా నిలబడితే, వదిన ఆవిడ కాళ్ళని రెండు చేతులతో పట్టుకుని చూసింది. అప్పుడు నాకు సిగ్గేసింది. అంతకుముందు వేసినదంతా సిగ్గు కాదు, భయం.

అత్తయ్య నన్ను తిట్టలేదు. "ఫోను తియ్యి. మనూళ్ళో వాళ్ళందరికీ బొమ్మ కనిపించేలా చెయ్యి" అంది. వీడియో కాల్ పెట్టాను. అటువైపు అరుగు మీద పదిహేను మంది, గూడెం నుంచి పరామర్శకి వచ్చిన షావుకారు గారి అబ్బాయి. అత్తయ్య మనవణ్ణి ఎత్తుకుని ఆ హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి నాలుగుసార్లు నడిచింది. "చూశారా? ఇంకోసారి నడవాలా? అవతలి మడికి నీళ్ళు కట్టేశారా లేదా చెప్పండి ముందు" అంది. అందరూ నవ్వారు. వదిన ఏడుపులోంచే నవ్వింది. ఆ నవ్వుల్లోనే వాడికి పేరు రాశారు.

పోయిన నెల ఆఫీసు పని మీద మళ్ళీ బెంగుళూరు వెళ్ళాను. ఇప్పుడు విమానాశ్రయంలో కెమెరాకి మొహం చూపిస్తే చాలు, తలుపు దానంతటదే తెరుచుకుంటోంది. రెండు నిమిషాల్లో అవతల పడ్డాను. పడి, గంటసేపు గేటు దగ్గర ఒక్కణ్ణే కూర్చున్నాను. మామూలు లైన్లో నిలబడి వచ్చినవాళ్ళు అప్పటికే ఒకళ్ళకొకళ్ళు పరిచయమై, ఏ ఊరు, ఏం పని అని నవ్వుకుంటూ వస్తున్నారు. నాకు మాట్లాడటానికి ఎవరూ లేరు. ఆనాటి నన్ను, ఆ ఇరవై మూడేళ్ళ కుర్రాణ్ణి, పక్కన కూర్చోబెట్టుకుని, అంత తొందరపడి మిగుల్చుకున్న టైముతో ఏం చేద్దామనుకున్నావురా అబ్బాయ్, అని అడగాలనిపించింది. వాడికి మాత్రం ఏం తెలుసు? బ్యాగు సర్దుకుంటూ, "ముందు వెళ్ళిపోవాలి కదండీ" అంటాడు. వాడు నన్ను పెద్దాయన్ని చేసి 'అండీ' అంటాడన్న ఆలోచన రాగానే, అంతమందిలో ఒక్కణ్ణే నవ్వుకున్నాను.