గంగామణి అడగని ప్రశ్న

2022 ఎండాకాలం. నిజామాబాద్‌లో నేను లైబ్రేరియన్‌గా పనిచేస్తున్న గ్రంథాలయంలో, కూలర్ పక్క కుర్చీల కోసం పోటీ పరీక్షల పిల్లలు తలుపులు తెరవకముందే వచ్చి నిలబడే రోజులు. అప్పుడే మా రీడింగ్ హాల్లో ఒక మూల టేబుల్ స్రవంతికి ఇచ్చారు.

స్రవంతి కొన్నేళ్ల కింద నా దగ్గరే ట్రైనింగ్ చేసిన అమ్మాయి. పుస్తకానికి నంబర్ ఎలా వేయాలో, కేటలాగ్‌లో ఎలా ఎక్కించాలో నేనే నేర్పాను. ఇప్పుడు పీహెచ్‌డీ స్కాలర్‌గా తిరిగొచ్చింది. ఆమె సబ్జెక్టు ఇన్ఫర్మేషన్ సైన్స్. లైబ్రరీ సైన్స్ అంటే పుస్తకాలను పద్ధతిగా సర్దిపెట్టి, అడిగినవాళ్లకు తీసివ్వడం అనుకుంటే, ఇన్ఫర్మేషన్ సైన్స్ ఇంకా పెద్దది. మనిషికి కావలసిన సమాచారం ఎక్కడ పుడుతుంది, ఎలా నిలవ ఉంటుంది, అతను దాన్ని ఏ మాటతో వెతుకుతాడు, దారిలో ఎక్కడ ఆగిపోతుంది, ఇవన్నీ అందులోకి వస్తాయి. సెర్చ్ ఇంజన్లు, తెలుగులో మాట్లాడితే జవాబు చెప్పే ఫోన్లు, రైతుకూ రోగికీ సమాచారం చేరే తీరు, అన్నీ దాని పరిశోధనలే.

ఇవన్నీ చేయాలని ఒకప్పుడు నాకూ ఉండేది. ఉద్యోగం, ఇల్లు, వాయిదాలు. మా పై అధికారి తనిఖీకి వచ్చినప్పుడు నన్ను నిలబెట్టే మాట్లాడి, స్రవంతికి మాత్రం కుర్చీ వేయించి, "కొత్త డైరెక్షన్స్ ఏమున్నయమ్మా మీ ఫీల్డ్‌ల?" అని అడిగాడు. ఆమె చెబుతుంటే నేను ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పుతూ నిలబడ్డాను. ఆ రోజు అన్నం సరిగా సహించలేదు.

ఒక మధ్యాహ్నం ఒకావిడ నా టేబుల్ దగ్గరికి వచ్చింది. నలభై దాటని మనిషి, బోధన్ నుంచి బస్సులో వచ్చానంది. పేరు గంగామణి.

"సార్, షుగర్ మీద తెలుగు బుక్కు ఏమన్న ఉన్నదా?"

చక్కెర ఫ్యాక్టరీకి పేరుపడ్డ ఊరు బోధన్, అక్కడి నుంచి వచ్చినవాళ్లు షుగర్ అంటే రెండు అర్థాలు. అందుకే, "చెరుకు గురించా అమ్మా, రోగం గురించా?" అని అడిగాను. అడిగినవాళ్లకు నిజంగా ఏం కావాలో రాబట్టే ఇలాంటి సంభాషణను మా వృత్తిలో రిఫరెన్స్ ఇంటర్వ్యూ అంటారు. నాకు అందులో మంచి పేరుంది.

"రోగమే సార్. చేతులు మొద్దుబారేది గూడ రాసి ఉంటదా?"

"ఉంటది."

మధుమేహం మీద మూడు పుస్తకాలు తీసి ఇచ్చాను. మొద్దుబారడం గురించి ఉన్న పేజీల దగ్గర కాగితం ముక్కలు పెట్టి మరీ ఇచ్చాను. ఆమె వాటిని తీసుకొని కిటికీ దగ్గర కూర్చుంది. పేజీలు తిప్పుతోంది గానీ చదవడం లేదు. నా పని అయిందనుకొని నేను పేపర్లు సర్దుకోవడంలో పడ్డాను.

కాసేపటికి తలెత్తి చూస్తే స్రవంతి ఆమె పక్కన కూర్చొని ఉంది. గంగామణి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడుస్తోంది.

ఆమె ఒప్పుకున్నాకే స్రవంతి నాకు విషయం చెప్పింది. గంగామణి భర్త సాయిలుకు బోధన్ బస్టాండ్ దగ్గర చెరుకు రసం బండి. మొన్న మిషన్ రోలర్ల మధ్య చిటికెన వేలు నలిగింది. రక్తం కారుతుంటే గంగామణి చూసి అరిచింది గానీ, సాయిలుకు అప్పటిదాకా తెలియనే తెలియదు. అదే చేతి మీద చాలా కాలంగా ఒక పాలిపోయిన మచ్చ ఉంది. షుగరేమోనని రక్తం పరీక్ష చేయిస్తే షుగర్ లేదన్నారు. దాంతో ఆమెకు వేరే అనుమానం పట్టుకుంది. కుష్ఠు. ఆ పేరు ఎత్తలేక మా ప్రాంతంలో పెద్దరోగం అంటారు.

"షుగర్ అంటే ఎవ్వలు దూరం జరుగరు సార్," అంది గంగామణి, తల దించుకునే. "గా రోగం పేరు బయటవడ్డదంటే మా బండి కాడ గ్లాసు ముట్టేటోడు ఉండడు. ఇద్దరు పోరగాండ్లు సదువుకుంటున్నరు."

స్రవంతి ఆమె చేతి మీద చెయ్యి వేసింది. "నేను డాక్టర్‌ను కాదక్కా. గదే అయితదని గూడ చెప్పలేను. గని చూపెట్టుకుంటెనే తెలుస్తది."

ఆమె వెళ్లాక నేను స్రవంతిని పక్కకు పిలిచాను.

"ఏమడిగినవ్ ఆమెను?"

"ఏం లేదు సార్. 'ఎవ్వరి కోసమక్కా?' అన్న. గంతే."

గంతే! ఇన్నేళ్ల సర్వీసులో అవసరమైనప్పుడు నేను అడగని రెండు ముక్కలు ఆ పిల్ల అడిగింది. ఆడమనిషి ఆడమనిషికి చెప్పుకుంది, అందులో గొప్పేముందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సమాచారం వెతకడంలో మాత్రం నన్ను మించినవాళ్లు లేరని చూపించాలనిపించింది. ఆరోగ్య శాఖ వేసిన తెలుగు కరపత్రం ఒకటి తీశాను. ఆ జబ్బు మందులతో నయమవుతుంది, మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, మందులు మొదలుపెడితే ఇతరులకు అంటుకోదు. అన్నీ స్పష్టంగా, పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. తరువాతి వారం గంగామణి మళ్లీ వచ్చినప్పుడు ఆమె చేతిలో పెట్టాను. ఆమె దండం పెట్టింది స్రవంతికి.

"మా ఆయనకు చెప్పి చూసిన మేడం," అంది. "చేతుల ఉన్న గ్లాసు ఇసిరికొట్టిండు. దవఖానకు రాను, ఏం జేసుకుంటరో చేసుకోండ్రి అన్నడు."

"నేను మాట్లాడుతా," అన్నాను వెంటనే. "మొగోడు చెప్తే వేరే ఉంటది."

ఆదివారం బోధన్ వెళ్లాం, నేనూ స్రవంతీ. గంగామణి ముందే చెప్పి ఉంచిందట, సాయిలు బండిని కొడుక్కు అప్పగించి మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లాడు. బక్కపలుచని మనిషి. కట్టు కట్టిన చేతిని వీపు వెనక పెట్టుకొనే కూర్చున్నాడు.

నేను కరపత్రం తీసి మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. ప్రతి వాక్యం తరువాత ఆగి, అర్థమైందా అని అడిగాను. ఆయన అన్నిటికీ తల ఊపాడు.

"మరి పోదమా దవఖానకు?"

"నాకేం లేదు సార్. ఎండకు తిమ్మిరివడ్తున్నది, గంతే."

మళ్లీ మొదలుపెట్టబోయాను. స్రవంతి నెమ్మదిగా అడిగింది. "అన్నా, నీకు రోగానికి భయమా, దవఖానకు పోవుడే భయమా?"

సాయిలు గుమ్మం వైపు ఒకసారి చూశాడు. తరువాత నా వైపు కాదు, ఆమె వైపు తిరిగి చెప్పాడు.

"రోగం నయమైతదని నాకెర్కే మేడం. మా అవ్వకు తెల్సినామెకు నయమైంది. గని డిచ్‌పల్లి దవఖాన కాడ బస్సు దిగిన్నంటే, బోధనోళ్లు ఒక్కలు చూసినా సాలు. మాపటికి ఊరంత తెలుస్తది. గప్పుడు నేను నయమై వచ్చి ఏం లాభం?"

డిచ్‌పల్లిలో ఉన్నది కుష్ఠు రోగుల ఆసుపత్రిగానే పేరుపడ్డది. నేను చదివిన కరపత్రంలో అన్నీ ఉన్నాయి. ఈ మనిషి ఆగిపోయిన చోటు మాత్రం లేదు. నయమవుతుందా అన్నది అతని ప్రశ్న కానే కాదు. ఎవరు చూస్తారు అన్నదే అతని ప్రశ్న. దానికి జవాబు ఏ పుస్తకంలోనూ లేదు.

స్రవంతి అక్కడే కూర్చొని తెలిసిన నర్సుకు ఫోన్ చేసింది. నిజామాబాద్ పెద్దాసుపత్రిలో చర్మం డాక్టర్ దగ్గర కూడా ఈ పరీక్ష చేస్తారని కనుక్కుంది.

"ఆడ గజ్జికి వచ్చినోళ్లు, మొటిమలకు వచ్చినోళ్లు, మచ్చలకు వచ్చినోళ్లు అందరు ఒక్కటే లైన్‌ల ఉంటరు అన్నా. ఎవ్వరు దేనికి వచ్చిండ్రో ఎవ్వరికీ తెల్వదు."

సాయిలు వీపు వెనకున్న చేతిని ముందుకు తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాడు. "నువ్వు గూడ వస్తవా మేడం?" అన్నాడు.

ఆడమనిషి ఆడమనిషికి చెప్పుకుందని నేను సర్దిచెప్పుకున్న మాట అక్కడితో చెల్లకుండా పోయింది. తిరుగు బస్సులో స్రవంతి ఏదో చెబుతుంటే నేను నిద్రపోతున్నట్టు నటించాను.

పరీక్షలో గంగామణి అనుమానించిందే తేలింది. మందులు మొదలయ్యాయి. వేలు కొంచెం వంకరగా ఉండిపోయింది గానీ చెయ్యి నిలబడింది. బండీ నిలబడింది.

తరువాత డిచ్‌పల్లి వైపు యూనివర్సిటీలో స్రవంతి తన పరిశోధన మీద ప్రసంగం ఇచ్చింది. నేను వెనక వరుసలో కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఆమె పొరపాటు చేయాలని ఎదురుచూశాను. ఈ కేసు చెప్పి చప్పట్లు కొట్టించుకుంటే, ఒక పేదవాడి బాధను డిగ్రీకి వాడుకుందని అనుకోవచ్చు కదా. మనుషులు సమాచారాన్ని వెతకడమే కాదు, కొన్నిసార్లు తప్పించుకుంటారు, అడగవలసిన దాన్ని వేరే పేరుతో అడుగుతారు, ముందు ముందు మన పరిశోధన అటు వెళ్లాలి అని చెప్పింది. సాయిలు మాట ఒక్కటీ రాలేదు.

టీ దగ్గర అడిగాను. "అసలు కేసు చెప్పనే లేదేందమ్మా?"

"వాళ్లు ఇంకా మందులు మింగుతున్నరు సార్. మీ సంగతి చెప్పుకోవచ్చునా అని ఇప్పుడు అడిగితే నా మొఖం చూసి కాదనలేక ఒప్పుకుంటరు. అది ఒప్పుకున్నట్టు కాదు."

తప్పు పట్టుకునే సందు కూడా నాకు వదలలేదు ఆ పిల్ల! టీ చల్లారేదాకా కప్పు పట్టుకొనే నిలబడ్డాను. (ఇప్పుడు నేను రాస్తున్నది, అంతా అయిపోయాక ఆ దంపతులు రాసుకోమన్నాకే. పేర్లూ, వాళ్లను పట్టించే కొన్ని ఆనవాళ్లూ మార్చాను.)

లైబ్రరీకి వచ్చాక నా టేబుల్‌ను పేపర్ల స్టాండ్ పక్క నుంచి తీయించి, పాత బైండింగ్ గది గుమ్మం దగ్గర వేయించాను. అక్కడ మాట్లాడితే హాల్లోకి వినబడదు. మెల్లగా మనుషులు అక్కడ కూర్చొని మాట్లాడసాగారు. స్రవంతి చూసి, "మంచి పని చేసిండ్రు సార్" అంది. నేను ట్రైనింగ్ ఇచ్చిన పిల్ల నన్ను మెచ్చుకోవడం కూడా గుచ్చుకుంది.

మందుల కోర్సు పూర్తయ్యాక సాయిలూ గంగామణీ ఇద్దరూ వచ్చారు. గుమ్మంలోనే, "మేడం లేదా సార్?" అన్నారు. వేరే ఊళ్లో లెక్చరర్‌గా చేరిందని చెప్పి, నా ఫోన్ నుంచే కలిపి సాయిలు చేతికిచ్చాను. ఆయన చాలాసేపు నవ్వుతూ మాట్లాడాడు. నేను పక్కనే కూర్చొని పత్రికలు సర్దాను.

అడిగిన మాటకు పుస్తకం తీసిస్తే మా పని సగమే అయినట్టు. ఆ మాట వెనక మనిషి ఏం దాచుకున్నాడో, ఎందుకు దాచుకోవలసి వచ్చిందో తెలుసుకుంటేనే మిగతా సగం. పెద్ద పెద్ద పరిశోధనలన్నీ ఆ మిగతా సగం కోసమే జరుగుతున్నాయని ఈ కేసుతో నాకు అర్థమైంది. ఇప్పుడు ఎవరైనా వచ్చి ఏదైనా అడిగితే వెంటనే అల్మరా వైపు తిరగడం లేదు. కుర్చీ చూపించి, వాళ్లు కూర్చునేదాకా ఆగుతున్నాను. కొందరు చెబుతున్నారు, కొందరు లేచి వెళ్లిపోతున్నారు. వెళ్లిపోయినవాళ్లను చూసినప్పుడల్లా, స్రవంతి అయితే ఏమని అడిగేదోనని ఇప్పటికీ కుళ్లుకుంటూనే ఉన్నాను.