పక్కింటి గరాజ్‌లో బల్లెం

ఆష్‌బర్న్‌లో మా టౌన్‌హౌస్‌ని ఆనుకుని ఉన్న చివరి ఇల్లు చాలాకాలం ఖాళీగా ఉండి, ఒక వేసవిలో అమ్ముడుపోయింది. కొన్నాయన డెబ్బై దాటిన నల్లజాతి పెద్దమనిషి, ఒంటరివాడు. స్కూల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యానని మెయిల్‌బాక్స్ దగ్గర చెప్పాడు. అంతకుమించి ఏమడిగినా నవ్వి ఊరుకునేవాడు. గరాజ్ తలుపు మూరెడెత్తు మాత్రం లేపి లోపల ఏదో గీకుతూ ఉండేవాడు. నేను ఇంట్లోంచే పనిచేసేదాన్ని కాబట్టి మీటింగ్‌లో ఉన్నా నా చెవి ఆ చప్పుడు మీదే ఉండేది.

ఆకులు రాలే రోజుల్లో మా అమ్మాయికి హిస్టరీ ప్రాజెక్ట్ ఇచ్చారు. అంతర్యుద్ధానికి ముందు, బానిసత్వం నెత్తురు చిందకుండా పోదని నమ్మిన ఒక తెల్లాయన గురించి. మాకు దగ్గర్లోనే, రెండు నదులు కలిసే ఊళ్లో, ప్రభుత్వ ఆయుధాగారం మీద కొద్దిమందితో దాడి చేసి, పట్టుబడి, ఉరికంబమెక్కాడు. పక్కింటాయనకి ఈ సంగతులు తెలుసని మా అమ్మాయి ఎలా కనిపెట్టిందో గాని, స్కూల్ నుంచి రాగానే బ్యాగ్ సోఫాలో పడేసి అటు పరుగెత్తేది.

తిరిగొచ్చాక దాని మాటలు వేరేగా ఉండేవి. ఒకరోజు భోజనాల దగ్గర, ఆ తెల్లాయన అంతకుముందు కాన్సస్‌లో మనుషుల్ని ఇళ్లలోంచి లాక్కొచ్చి నరికించాడని అదే చెప్పింది. అలాంటివాణ్ణి మంచివాడంటారా అని అడిగాను.

"మంచోడు అని నేను చెప్పలేదమ్మా. కానీ మంచివాళ్లందరూ అప్పటిదాకా స్పీచెస్ ఇచ్చారు. స్లేవరీ పోయిందా?"

మా ఆయన చెంచా కింద పెట్టాడు. గ్రీన్‌కార్డ్ ఇంకా రాలేదని, ఇలాంటి మాటలు స్కూల్లో అనొద్దని, పక్కింటికి వెళ్లడం తగ్గించమని మెల్లగా చెప్పాడు. అది ప్లేటు తీసుకుని పైకి వెళ్లిపోయింది.

ఆ శనివారం వంటింటి కిటికీలోంచి చూశాను. పక్కింటాయన కార్ డిక్కీలోంచి మనిషంత పొడవున్న వస్తువేదో తీస్తున్నాడు. దుప్పటి చుట్టి తాళ్లతో కట్టి ఉంది. రెండో కొస పట్టుకున్నది మా అమ్మాయి. ఇద్దరూ అటూ ఇటూ చూసి దాన్ని గరాజ్‌లోకి తీసుకెళ్లి తలుపు పూర్తిగా దించేశారు. ఏమిటది అని తర్వాత అడిగితే, అది ఆయన సొంత విషయం, తను చెప్పకూడదంది. నా కూతురు నా దగ్గర దాస్తానని ఆయనకి మాట ఎందుకు ఇచ్చిందో నాకు అర్థం కాలేదు. తుపాకీ అయి ఉంటుందనుకున్నాను. ఆదివారం పొద్దున్నే వెళ్లి తలుపు కొట్టాను.

ఆయన తలుపు సగమే తీశాడు. మా అమ్మాయి మోసిన వస్తువేమిటో చూడాలన్నాను.

"మిమ్మల్ని ఎవరు పంపారు? కాలనీ అసోసియేషన్ వాళ్లా?" అన్నాడు.

ఎవరూ పంపలేదని, నేను దాని తల్లినని చెప్పాను. ఆయన నా చేతుల వైపు చూశాడు. ఫోన్ ఇంట్లో పెట్టి రమ్మన్నాడు. ఇంతకుముందున్న చోట, సొంత గరాజ్‌లో పని చేసుకుంటుంటే ఎవరో పోలీసుల్ని పిలిచారట. నేను ఫోన్ పెట్టి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు.

దుప్పటి విప్పితే బల్లెం. పొడుగాటి కర్ర, చివర రెండంచుల బాకులాంటి అలుగు, దాని కింద అడ్డంగా ఇనుప పట్టీ. ఇన్నాళ్లూ నేను విన్న చప్పుడు దాని తుప్పు గీకుతున్నది. చనిపోయిన అక్క ఇంట్లోంచి వాటాగా వచ్చిందట. ముందురోజు ఎవరికైనా చూపిద్దామని కార్లో బయల్దేరి, మనసొప్పక సగం దారిలోంచి తిప్పి తెచ్చాడట.

తుపాకీ వాడటం తెలియని బానిసల కోసం ఆ తెల్లాయన బల్లేలు చేయించాడని, దాడి రాత్రి ఒకటి తన ముత్తాత తండ్రి చేతిలో పెట్టారని ఆయన చెప్పాడు. పట్టుబడ్డ యజమానులకి కాపలా ఉండమన్నారట. ఆ మనిషి తెల్లారేదాకా ఉండి, బల్లెం గడ్డివాములో దూర్చి, యజమాని ఇంటికి తిరిగి వెళ్లిపోయాడు. బలవంతంగా తీసుకెళ్లారని చెప్పి ప్రాణం కాపాడుకున్నాడు. బల్లెం తర్వాతెప్పుడో తెచ్చుకుని దాచుకున్నాడు.

"భయపడ్డాడా?" అన్నాను.

"చీకట్లో ఎవరో తెల్లవాడు వచ్చి మీ చేతిలో ఆయుధం పెట్టి, నీకు స్వేచ్ఛ వచ్చింది అంటే మీరు నమ్ముతారా? ఆ దాడిలో మొదట చనిపోయిందెవరో తెలుసా? రైల్వే స్టేషన్లో సామాన్లు మోసే నల్లవాడు. బానిస కూడా కాదు. దాడి చేసినవాళ్లే కాల్చారు."

మా అమ్మాయిని దాచమన్నదెందుకని అడిగాను. అది అసలైనదో కాదో తనకే తెలియదన్నాడు. ఆ బల్లేలకి అప్పట్నుంచే నకళ్లు పుట్టాయట. అబద్ధమని తేలితే, కుటుంబం ఇన్ని తరాలుగా చెప్పుకున్నది కూడా అబద్ధమనే అంటారని ఆయన భయం.

మరుసటి వారం, ఏదో ఒకటి తేల్చుకుందామని ఆయన దాన్ని దాడి జరిగిన ఊరికి తీసుకెళుతుంటే నేనూ కారెక్కాను. నిజం చెప్పాలంటే అమ్మాయిని ఒక్కదాన్నే పంపడం ఇష్టం లేక. మ్యూజియంలో ఒకావిడ గ్లవ్స్ వేసుకుని చాలాసేపు చూసింది. కర్ర తర్వాతి కాలంలో మార్చినది, అలుగు ఆనాటిది కావచ్చు, కాకపోనూ వచ్చు, రాసి మాత్రం ఇవ్వలేనంది. పక్కింటాయన థాంక్స్ చెప్పి దుప్పటి మళ్లీ చుట్టాడు. తాళ్లు మా అమ్మాయి కట్టింది.

దారిలో నేనే అడిగాను, ఆ తెల్లాయన వస్తే మీరు వెంట వెళ్లేవారా అని.

"ఇంకెవరెవరు వస్తున్నారో ముందు అడిగేవాణ్ణి. మీరు?"

పిల్లని లోపల పెట్టి తలుపులు వేసుకునేదాన్నన్నాను. తమవాళ్లలో చాలామంది చేసింది అదేనని, తప్పు పట్టనని అన్నాడు. వెనక సీట్లోంచి అమ్మాయి ఇదంతా వింది. ఇల్లు చేరాక, కార్ దిగుతూ నాతో మెల్లగా అంది, "నేను లోపల ఉండేదాన్ని కాదమ్మా."

ప్రాజెక్ట్‌లో అది బల్లెం ఊసే ఎత్తలేదు. స్టేషన్లో చనిపోయిన ఆ కూలీతో మొదలుపెట్టి, అయినా దాడి జరగాల్సిందేనని వాదించింది. టీచర్ మెచ్చుకున్నాడు. తర్వాత మాకు ఫోన్ చేసి, ఇంట్లో అంతా బాగానే ఉందా అని కూడా అడిగాడు. బాగానే ఉందని చెప్పాను. ఆ ప్రశ్న మా అమ్మాయి మీద దిగులుతో అడిగాడా, అనుమానంతో అడిగాడా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.