తోడొచ్చినవాడి ఇంగ్లీషు పేరు

బాలనర్సింహకు ఎవరి మీదా నమ్మకం లేదు. ఒకరి వెంట తోడొచ్చినవాళ్ల మీద అసలే లేదు. నయాపూల్ బ్రిడ్జి పక్కనున్న కోర్టుల దగ్గర ఆయన కాగితాలు టైపు చేస్తాడు. పక్కనే నాది జిరాక్స్ మిషన్. పదకొండేళ్లుగా చూస్తున్నాను, సంతకం పెట్టేవాళ్లను వదిలేసి వెంట వచ్చినవాడినే ముందు పట్టుకుంటాడు.

“నువ్వు ఈయనకు ఏమైతవు?”

“ఊకె తోడొచ్చిన సార్.”

“తోడుకు ఇంగ్లీషుల మస్తు పేర్లున్నయి. హెల్పర్‌వా, అసిస్టెంట్‌వా, అసోసియేట్‌వా?”

“ఏం ఫరక్ సార్?”

“హెల్పర్ చెప్పిన పని చేస్తడు. అసిస్టెంట్ పని చేసి, అంత నేనే చేసిన అంటడు. అసోసియేట్ పని చెయ్యడు, ఫొటోల ఉంటడు. అకాంప్లిస్ అయితే ఇద్దర్నీ ఒక్కటే పోలీసు జీపుల తీస్కపోతరు.”

ఒకసారి పెళ్లి అఫిడవిట్‌కు వచ్చిన వరుడి పక్కన వెస్లీ అనే అతను నిలబడి, తాను బెస్ట్‌మ్యాన్‌ని, అంటే తోడుపెళ్లికొడుకునన్నాడు. “బెస్ట్ నువ్వైతే పిల్లను ఈయనకెందుకు ఇస్తున్నరు?” అని అడిగాడు బాలనర్సింహ. వరుడి ముఖం మాడిపోయింది.

ప్రశ్నలయ్యాక తోడువాడిని జిరాక్స్ కోసం బ్రిడ్జి అవతలికి పంపేవాడు. నా మిషన్ పక్కనే ఖాళీగా ఉండేది. నాకు ఒళ్లు మండేది. అవతలి షాపువాడితో ఈయనకేదో లోపాయికారీ ఒప్పందం ఉందనుకునేవాడిని.

మొన్న ఎండాకాలంలో కిషన్‌బాగ్ నుంచి రాహేలమ్మ వచ్చింది. ఆసుపత్రిలో ఊడ్చే పని చేసి రిటైరైన మనిషి. వెంట ఆమె ఇంట్లో కిరాయికుండే వరుణ్. ఫోన్‌లో ఇంగ్లీషు కాగితమొకటి తెచ్చాడు.

“అమ్మ పింఛన్ కాగితం. ప్రింట్ తీస్తే వేలిముద్ర వేస్తది.”

“నువ్వేమైతవు?”

“అసోసియేట్‌ని,” అన్నాడు వరుణ్ దర్జాగా.

బాలనర్సింహ ఫోన్‌లోంచి కాగితాన్ని తన కంప్యూటర్‌కు పంపించుకుని చదివాడు. “అమ్మ ఆధార్ జిరాక్స్ కావాలె. బ్రిడ్జి అవతల తీస్కరా పో.”

వరుణ్ వెళ్లగానే కుర్చీ ఆమె దగ్గరకు జరుపుకున్నాడు.

“అమ్మా, ఇది పింఛన్‌ది కాదు. ఇందుల ఈ పిలగాన్ని కేర్‌టేకర్ అని రాసిన్రు. అంటే నిన్ను చూసుకునేటోడు. చూసుకుంటున్నందుకు ఇల్లు వానికి ఇస్తున్నవట. ఇష్టపడే ఇస్తున్నవా?”

“నన్ను వాడు చూసుకునుడేంది? వానికి పొద్దుగాల చాయ్ నేనే పోస్త.”

“వాడొచ్చేలోపు ఆలోచన చేస్కో, మంచిగ సోంచాయించు. ఫికర్ లేదు.”

“సోంచాయించేదేంది? ఇల్లు నాది. ఇయ్య.”

ఇన్నేళ్లూ తోడువాళ్లను బ్రిడ్జి ఎందుకు దాటించాడో నాకప్పుడు అర్థమైంది. సంతకం పెట్టేవాళ్లు ఒంటరిగా ఉన్నప్పుడు కాగితం చదివి చెప్పడానికి.

“నాకొక్క మాట చెప్తే ఏంది అన్నా?” అన్నాను.

“నిన్ను నమ్మాలె గద, జహంగీర్ భాయ్.”

వరుణ్ చెమటలు కక్కుతూ వచ్చాడు. రాహేలమ్మ ఆధార్ లాక్కుని, “నెలాఖరుకు ఖాళీ చెయ్యి బిడ్డా,” అంది. అతను మా ముగ్గురినీ చూసి వెళ్లిపోయాడు.

ఇంటి తాళంచెవి ఒకటి అతని దగ్గరుందని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. బాలనర్సింహ కంప్యూటర్ ఆపేసి, కొత్త తాళం కొనిపెడతానని ఆమెను బజారుకు తీసుకెళ్లాడు. మూడు గంటల తర్వాత కాళ్లీడ్చుకుంటూ ఒక్కడే తిరిగొచ్చాడు.

“పదిహేడు తాళాలు చూసినం భాయ్. గుంజి చూసింది, రాయితోని కొట్టి చూసింది. ఒక్కదాన్ని గూడ నమ్ముత లేదు,” అన్నాడు, ముఖం వెలిగిపోతుండగా. “రేపు మళ్ల రమ్మన్నది.”