పెదనాన్న ఫొటో కింద

రాసేది ఎలా ఉన్నా ఫరవాలేదు, ఎక్కడ పెడతామన్నదే అసలు విద్య అని నేను గట్టిగా నమ్మిన రోజులవి. గజపతినగరంలో మా బావ నెట్ సెంటర్లో కొత్తగా పనికి కుదిరాను. పొద్దంతా జనం దరఖాస్తులు నింపడం, ఖాళీ దొరికితే నా రచనను లోకానికి ఎలా అందించాలా అని మథనపడటం. బ్లాగు పెట్టాలా, పీడీఎఫ్ చేయాలా, భాగాలుగా వదలాలా, వదిలితే ఏ వారం, ఏ కలం పేరుతో (నాలుగు అనుకున్నాను, నాలుగూ ఇప్పుడు బయటికి చెప్పుకోలేనివే). ఇలా మూడు నెలలు గడిచాయి. రాయడానికి పట్టింది మాత్రం రెండు రోజులు.

రాసింది మా పెదనాన్న గురించి. ఆయన మా చర్చిలో ఆదివారాలు హార్మోనియం వాయించేవారు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, పాట లోపల ఎక్కడుంటుందో చూద్దామని బ్లేడుతో దాని గాలితిత్తి కోశాను. తాగొచ్చి కింద పడేశాడని సంఘపెద్ద ఆ నింద పెదనాన్న మీద వేసి, ఆ పెట్టెను మళ్లీ ముట్టుకోనివ్వలేదు. అప్పటినుంచి ఆయన వెనక బల్ల మీద కూర్చునేవారు. నేను ముందు బల్ల మీద కూర్చుని శ్రావ్యంగా పాడేవాణ్ణి. కోసింది నేనేనని చివరి పేరాలో ఒప్పుకున్నాను. అది సంఘమంతా చదవాలి, పెదనాన్న మళ్లీ ఆ పెట్టె ముందు కూర్చోవాలి. అదీ నా పథకం.

బావ తెర మీద కిందికి జరుపుతూ జరుపుతూ విసిగిపోయాడు. "ఏటిరా ఇది, గేటు కాడ గూడ్సు బండిలాగ తెగదు. ముక్కలు సేసి ఎట్టు. లేపోతే పైన మీ పెదనాన్న ఫొటో ఎట్టు, అప్పుడైనా నొక్కుతారు." ముక్కలకు నా ఆత్మాభిమానం ఒప్పుకోలేదు. ఫొటోకు ఒప్పుకుంది. బావ దాని చుట్టూ తెల్లపూల అంచు కూడా వేశాడు (సెంటర్లో ఉన్న అంచు అదొక్కటే). ఆదివారం ఆరాధన కాగానే చర్చి గ్రూపులో పంపాను.

పది నిమిషాల్లో దండాలు, కన్నీళ్లు మొదలయ్యాయి. ప్రభువునందు నిద్రించారని ఒకరు, కుటుంబానికి ఆదరణ కలుగుగాక అని ఇంకొకరు. నింద వేసిన సంఘపెద్ద అయితే "సంఘానికి తీరని లోటు" అని రాశాడు. అంతటితో ఆగక, సాయంత్రానికి పూలదండ పట్టుకుని మా ఇంటి ముందు ఆటో దిగాడు. పెదనాన్న అరుగు మీద వేరుశనగకాయలు ఒలుస్తున్నారు.

"బతికే ఉన్నావేటి?" అన్నాడు సంఘపెద్ద, కాస్త నిష్ఠూరంగా.

"ఉన్నాను. కూకో, టీ తాగి ఎల్దువు."

"అంత పొడుగు ఎవులు సదువుతారు? ఫొటో సూసినాం, ఒచ్చినాం."

పెదనాన్న నన్ను పెరట్లోకి పిలిచారు. "నాను ఆకరిదాకా సదివినాను. తిత్తి నువ్వే కోసినావని నాకు ఆ దినమే తెలుసు."

"మరి ఎవులికీ సెప్పలేదేటి పెదనాన్నా?"

"నువ్వు సెప్తావని సూసినాను. అదిగో, ఆడు అరుగు మీదే ఉన్నాడు. రాసింది సాలు, నోటితో సెప్పు."

పెరటి నుంచి అరుగు పది అడుగులు. లోకమంతటికీ చెప్పడానికి మూడు నెలలు దారి వెతికిన నాకు ఆ పది అడుగులు పడలేదు. "రెండో భాగంలో వివరంగా రాస్తాను పెదనాన్నా," అన్నాను. నేను వెళ్లి సంఘపెద్దకు టీ అందించి వచ్చాను.

రెండో భాగం రాలేదు. రెండేళ్లకు పెదనాన్న నిజంగానే పోయారు. సమాధి ఆరాధనలో హార్మోనియం ఇంకెవరో వాయించారు, నేను ముందు వరసలో నిలబడి పాడాను. నాలుగు కలం పేర్లు పెట్టుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, నవ్వాక సిగ్గేస్తుంది. ఆయన పోయిన రోజు పొద్దున్న ఆ కబురు గ్రూపులో పెట్టగానే అందరికంటే ముందు అడిగింది సంఘపెద్దే: "ఇది నిజమేనా బాబూ, మళ్లీ కథేనా?" నిజమే అని రాశాను. ఇన్నేళ్లలో నేను రాసినవాటిలో అందరూ చివరిదాకా చదివింది ఆ ఒక్క మాటే.